ఫుజైరాలో ఒక శుక్రవారం

నలభై రోజుల షట్‌డౌన్ ముగిసిన రోజు ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే మా ఆవిడ, "గురువారం, శుక్రవారం మీకు సెలవంట కదా, ఫుజైరా వెళ్దామండీ" అంది. ఒక బూటు కాలికుంది, రెండోది చేతిలో ఉంది. చేతిలోది విసిరికొట్టాలనిపించింది. ఆవిడ మీదకి కాదు, గోడ మీదకి.

షట్‌డౌన్ అంటే రిఫైనరీ పనంతా ఆపి, గొట్టాలూ ట్యాంకులూ విప్పి, కడిగి, మళ్ళీ బిగించడం. ఆ నలభై రోజులూ రోజుకి పన్నెండు గంటలు నిలబడే ఉన్నాను. భోజనం ఎప్పుడు చేశానో, పడుకున్నది పగలో రాత్రో గుర్తులేదు. నాకు కావలసింది ఫుజైరా కాదు, తలగడ.

మేముండేది రువైస్‌లో, ఎడారిలో రిఫైనరీ కోసం కట్టిన ఊరు. క్వార్టర్సు కంపెనీవి, బస్సు కంపెనీది, కూరగాయల కొట్టు కంపెనీది. పక్కనున్న సముద్రం కూడా కంపెనీదే అన్నట్టుంటుంది. అక్కణ్ణించి ఫుజైరా ఐదువందల కిలోమీటర్లు. దేశానికి ఈ చివర మేము, ఆ చివర అది. కంట్రోల్ రూములో వాళ్ళకి చెబితే, "కోట చూస్తారా? పాత మసీదుంది, అదీ చూడండి. బాగా ఎంజాయ్ చెయ్యండి" అన్నారు. సరేనన్నాను. నిజం చెబితే ఇంకో అరగంట నిలబడి మాట్లాడాలి. అంత ఓపిక లేదు.

నిజం ఏమిటంటే ఫుజైరా ఎదుట సముద్రంలో మా బావమరిది ఉన్నాడు. ఓడలో పని. ఎక్కడెక్కడి ఓడలూ అక్కడికొచ్చి, లంగరు వేసి, నూనె పోయించుకుని పోతాయి. ఓడలకి అది పెట్రోలు బంకు అనుకోండి. నాలుగేళ్ళలో అతని ఓడ ఈ దేశం పక్కకి రావడం అదే మొదటిసారి. పన్ను నొప్పి అని కెప్టెన్‌ని బతిమాలి ఒక్కపూట ఒడ్డుకి దిగడానికి పర్మిషన్ తెచ్చుకున్నాడు. అక్కని చూడటానికి.

అంతకు ఎనిమిది నెలల ముందు కాకినాడలో మా అత్తగారు పోయారు. మా ఆవిడ విమానమెక్కి వెళ్ళింది. కొడుకు మాత్రం రాలేదు. చితికి నిప్పు పెట్టింది పినమామగారి అబ్బాయి. కొడుక్కి కబురైనా అందకపోవడానికి కారణం నేను.

ఆ రోజు కబురు మొదట నాకే వచ్చింది. ఓడ నడిసముద్రంలో ఉంది, రేవు చేరడానికి ఇరవై రోజులకి పైనే పడుతుంది. కెప్టెన్ దగ్గర శాటిలైట్ ఫోనుంది, ఓడ ఏజెంటుకి చెబితే అరగంటలో కబురు అందేది. నేను వద్దన్నాను. "ఇప్పుడు చెప్పి ఏం లాభం? దిగలేడు, రాలేడు. పిచ్చెక్కి ఏమైనా చేసుకుంటే? రేవుకి చేరాక చెబుదాం" అన్నాను. అందరూ, పెద్దవాడు, ఉద్యోగస్తుడు, తెలిసినవాడు చెబుతున్నాడు కదా అని తలలూపారు. ఏ అలారం మోగినా ముందు దాని నోరు నొక్కి, తర్వాత సంగతి తర్వాత చూసుకోవడం మా పనిలో పడిపోయిన అలవాటు. దాన్ని ఇంట్లోకి కూడా తెచ్చుకున్నాను.

రేవు చేరాక అతనే ఫోన్ చేశాడు, హుషారుగా. "బావా, అమ్మకి ఫోన్ కలవట్లేదేంటి?" అన్నాడు. చెప్పాను. ఏ తారీకని అడిగాడు. తర్వాత, "పెద్దకార్యం కూడా అయిపోయిందా?" అన్నాడు. అయిపోయిందన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత అక్కతో మాట్లాడాడు గానీ నాతో మాట్లాడలేదు. ఆవిడతో ఒకసారి అన్నాడట, తల్లి పోయిన మూడోరోజు ఓడ భూమధ్యరేఖ దాటిందనీ, ఓడవాళ్ళ ఆనవాయితీ ప్రకారం పార్టీ చేసుకున్నారనీ, తను డాన్స్ చేశాననీ. ఆ మాట ఆవిడ నాకు చెప్పినప్పుడు చపాతీ నోట్లో ఉంది. అది మింగడానికి చాలాసేపు పట్టింది.

అక్కా తమ్ముడూ ఇంకా కలిసి ఏడవలేదు. ఆవిడ బాధ అదే. మావైపు మనిషి పోతే, అయినవాళ్ళు ఎదురుపడి, ఒకరినొకరు పట్టుకుని ఏడిస్తేనే ఆ పని పూర్తయినట్టు. ఫోనులో ఏడిస్తే లెక్కలోకి రాదు. ఆ ఎనిమిది నెలలూ ఆవిడకి సరిగ్గా నిద్రలేదు. నాకు షిఫ్టులవల్ల లేదు, ఆవిడకి దీనివల్ల లేదు. ఒకే మంచం మీద ఇద్దరం కళ్ళు తెరుచుకుని పడుకునేవాళ్ళం.

గురువారం పొద్దున్నే బయల్దేరాం. దారిలో రెండుసార్లు కారు పక్కకి తీసి, ముఖాన నీళ్ళు కొట్టుకున్నాను. కొండల మధ్య మసాఫీ దగ్గర ఒక బజారుంది. రోడ్డుకి రెండువైపులా తివాచీలు, కుండీలు, పండ్లు. దాని పేరు శుక్రవారం సంత. మేం వెళ్ళింది గురువారం, అయినా నిండుగా ఉంది. అడిగితే వారమంతా ఉంటుందన్నారు. "చూశావా, ఈ దేశంలో శుక్రవారం ఏడు రోజులుంటుంది" అన్నాను. ఆవిడ నవ్వలేదు. రెండు డజన్ల అరటిపళ్ళు కొంది, తమ్ముడికి ఇష్టమని.

హోటల్ సముద్రానికి ఎదురుగానే. గదిలోకి వెళ్ళగానే ఆవిడ కర్టెన్ లాగి నిలబడిపోయింది. ఎక్కడో దూరంగా ఓడలు, లెక్కపెట్టలేనన్ని. "ఇక్కడ సముద్రం తూర్పున ఉందండీ, మన కాకినాడలోలాగ" అంది. రువైస్‌లో అది ఉత్తరాన. మూణ్ణాలుగేళ్ళు ఉన్నా ఆవిడ దానికి అలవాటు పడలేదు. నేను చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద వాలాను.

పావుగంట తర్వాత ఫోన్ మోగింది. మా బావమరిది. ఆవిడ స్పీకరు పెట్టింది.

"అక్కా, ఈరోజు లాంచీ లేదంట. రేపు మజ్జాన్నం మూడింటికి దింపుతారంట. సాయంత్రం ఆరింటికల్లా మళ్ళీ ఎక్కెయ్యాలి."

"రేపు శుక్రవారంరా" అంది ఆవిడ.

"తెలుసక్కా."

"శనివారం కుదరదా?"

"శనివారం తెల్లారకుండానే షిప్పు కదిలిపోద్ది. మళ్ళీ ఎటో, ఏంటో."

మావైపు మంగళ, శుక్రవారాలు పరామర్శకి పనికిరావు. ముఖ్యంగా శుక్రవారం. లక్ష్మి ఇంటికొచ్చే రోజున ఆడపిల్ల కన్నీళ్ళు పెట్టకూడదు. అందుకే ఆవిడ ముందే గురువారమని అడిగి ఖాయం చేసుకుంది. లాంచీవాడికి మన పంచాంగం తెలియదు కదా.

ఆవిడ ఫోన్ పెట్టి, "ఇప్పుడెలాగండీ?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఐదువందల కిలోమీటర్లు నిద్రమత్తులో నడుపుకొచ్చినవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

"శుక్రవారమా, గాడిదగుడ్డా! ఈ దేశంలో మనకి దొరికే సెలవే శుక్రవారం. పెళ్ళిచూపులైనా పరామర్శైనా ఆ రోజే చేసుకుంటున్నారు అందరూ. రేపు వాడొస్తాడు, ఇద్దరూ ఏడవండి, అయిపోతుంది."

ఆవిడ నావైపు తిరిగి, ఏమాత్రం గొంతు పెంచకుండా అంది. "శుక్రవారం ఏడవకూడదన్నది మా అమ్మ మాటండీ. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో శుక్రవారం కన్నీటిచుక్క పడలేదు. మా నాన్న కార్యం అయ్యాక వచ్చిన శుక్రవారాలు కూడా ఆవిడ నోరు నొక్కుకుని కూర్చునేది. ఇప్పుడు ఆవిడ కోసం ఏడవడానికి ఆవిడ మాటే దాటమంటారా?"

బాకీ ఉన్నవాడు గట్టిగా మాట్లాడకూడదు. లేచి చెప్పులు విప్పాను.

ఆ సాయంత్రం కోట చూడ్డానికి వెళ్ళాం, వచ్చాం కాబట్టి. మట్టిరంగు బురుజులు, కింద ఖర్జూరపు తోటలు, వెనక పచ్చదనమే లేని కొండలు. ఎవరెవరి దాడులకో తట్టుకుని నిలబడిందట. నేను గోడకి ఆనుకుని కూర్చుని నిద్రపోయాను. లేచేసరికి ఆవిడ పక్కనే కూర్చుని, నా తల పక్కకి వాలిపోకుండా భుజం అడ్డం పెట్టి ఉంది. కోట గురించి నాకు గుర్తున్నది అంతే.

మర్నాడు మూడున్నరకి ఒక తెల్లవ్యాను హోటల్ ముందు ఆగింది. నడిపేది ఓడ ఏజెంటు దగ్గర పనిచేసే పెద్దాయన, గడ్డానికి గోరింటాకు రంగు. నెల్లూరు జిల్లా ఆయన, సాయిబుగారు. పక్క సీట్లోంచి మా బావమరిది దిగాడు. ఎండకి నల్లబడి చిక్కిపోయాడు. కుడిబుగ్గ వాచి ఉంది. అక్కని చూశాడు. ఆవిడ రెండడుగులు వేసి ఆగింది. అతనూ ఆగాడు. ఇద్దరి మధ్యా బారెడు దూరం. ముట్టుకుంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"పన్ను ఎక్కువ సలుపుతోందా?" అంది.

"అవునక్కా."

తర్వాత నావైపు తిరిగి, "బాగున్నారా అండీ?" అన్నాడు. నన్ను ఏనాడూ 'అండీ' అన్నవాడు కాదు. పెళ్ళినాడే నా చెప్పులు దాచి, డబ్బులు గుంజి, వీపుమీద చరిచినవాడు. ఆ మర్యాద చెంపదెబ్బలా తగిలింది. బాగున్నానన్నాను.

పళ్ళ క్లినిక్ నాలుగింటికి గాని తెరవలేదు. అక్కా తమ్ముడూ లోపల కూర్చున్నారు, నేను బయట వ్యాను దగ్గర నిలబడ్డాను. సాయిబుగారు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చారు.

"ఏందబ్బాయా, నాలుగేళ్ళకి చూసుకుంటుండారంట, ఆ మొహాలేంది అట్టుండాయి? కొట్లాటా?"

కొట్లాట కాదని, సంగతంతా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. అలిసిపోయినవాడికి దాచుకోవడం కూడా బరువే. నేను కబురు దాచిన సంగతి కూడా చెప్పేశాను. ఆయన ఖాళీ కప్పు దులిపి, కొండలమీది పొద్దు చూశారు.

"మాకైతే పొద్దు గుంకితే రోజు మారిపోద్ది. సందేళ నమాజుకి పిలుపు, మగ్రిబ్ అజా అయ్యిందంటే శుక్రవారం ఖలాస్. ఆ రాత్రి శనివారం లెక్కలోకే వస్తది" అన్నారు.

పన్ను పీకారు. బయటికొచ్చేసరికి అతని నోట్లో దూది, సగం ముఖం మొద్దుబారి ఉంది. సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం, నడుమ ఆవిడ, చెరోపక్క మేమిద్దరం. గంట కూడా లేదు. ఆ గంటలో ఆవిడ మాట్లాడిన మాటలు విని తీరాలి. క్వార్టర్సులో ఏసీ చప్పుడు చేస్తోందని చెప్పింది. టమాటాల ధర చెప్పింది. పక్కింటి మలయాళీ ఆవిడ కుట్టుమిషను కొన్న సంగతి చెప్పింది. కోట గురించి చెప్పింది, నా గురక గురించి కూడా. అతను ఊఁ, ఊఁ అంటున్నాడు. ఒక్కసారి కూడా ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు. ముఖాలు రెండూ సముద్రం వైపే. అక్కడ అతని ఓడ ఎక్కడుందో చెయ్యెత్తి చూపించాడు. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి.

అరటిపళ్ళ సంచీ ఇచ్చింది. తర్వాత చేతిసంచీలోంచి ఒక సీసా తీసింది. మూత చుట్టూ గుడ్డ కట్టి ఉంది. ఆవకాయ. అత్తగారు అంతకు ముందటేడు వేసవిలో పెట్టినది. ఊరు వెళ్ళినప్పుడు జాడీ అడుగున మిగిలిందంతా తెచ్చుకుని, ఈ ఎనిమిది నెలలూ మా ఇద్దరికీ ఒక్క ముక్క వెయ్యకుండా దాచింది. నేను ఒకసారి అడిగి తిట్లు తిన్నాను.

ఎవరు పెట్టిందో ఆవిడ చెప్పలేదు. అతను అడగలేదు. గుడ్డ విప్పి, మూత తీసి, వాసన చూశాడు. మళ్ళీ మూత పెట్టేసి, సీసాని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకున్నాడు. దవడ కదులుతోంది. పన్ను పీకిన నొప్పి అనుకోవడానికి వీల్లేదు, ఆ పక్క ఇంకా మొద్దుబారే ఉంది. ఆవిడ గబగబా, "ఎండలో పెట్టకు, పైన నూనె తేలేలా చూసుకో, తడి గరిటె పెట్టకు" అంటూ చెబుతూనే ఉంది. ఇది నేను చేసిన పని అని ఆ బెంచీ మీద నాకు మొదటిసారి పూర్తిగా తెలిసింది. అంతకుముందు ఎన్నిసార్లు తప్పు నాదని ఒప్పుకున్నా, అవి ఊరికే అన్న మాటలు.

ఫుజైరాలో పొద్దు సముద్రంలో గుంకదు. వెనక కొండల అవతలికి పోతుంది. ఉన్నట్టుండి నీడ మా మీదనుంచి జరిగి నీళ్ళ మీదకి వెళ్ళింది. సాయిబుగారు వ్యాను దిగి వచ్చారు.

"టైమయింది బాబూ. ఆరింటికి లాంచీ."

అతను లేచాడు. ఆవిడా లేచింది. అప్పుడే రోడ్డుకి అవతలున్న మసీదులోంచి అజా మొదలైంది. సాయిబుగారు ఆగి, చేతి గడియారం చూసుకున్నారు.

"పోర్టులో కూడా మసీదుండాది. అయినా ఈడనే నమాజు చదువుకోనొస్తాలే. పది నిమిషాలు. మీరు మాట్లాడుకోండి" అని, నా ముఖంలోకి ఒకసారి చూసి, రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

"శుక్రవారం అయిపోయింది" అన్నాను.

ఆవిడ అర్థంకానట్టు చూసింది.

"ఈ దేశంలో పొద్దు గుంకితే రోజు మారిపోతుందట. ఇప్పుడు శనివారం."

"మన లెక్కలో తెల్లారేదాకా శుక్రవారమే కదండీ."

"మనం మన ఊళ్ళో లేం. ఈ దేశం తిండి తింటున్నాం, ఈ దేశం సెలవు తీసుకుంటున్నాం. దీని రోజు మాత్రం మనకి పనికిరాదా?" నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

ఆవిడ తమ్ముడివైపు చూసింది. అతను నోట్లోంచి దూది తీసి, జేబురుమాల్లో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. సీసాని జాగ్రత్తగా బెంచీ మీద పెట్టాడు.

"అక్కా, అమ్మ…" అన్నాడు.

ఇంక ఇద్దరూ ఆగలేదు. ఆవిడ అంత పెద్దగా ఏడవడం నేను అంతవరకు వినలేదు. అక్కడ నడుస్తున్నవాళ్ళు ఆగి చూశారు. ఎవరో ఒకాయన నీళ్ళ సీసా తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. "డాన్స్ చేశానక్కా, అమ్మ అక్కడలా ఉంటే నేను డాన్స్ చేశాను" అని అతను అంటున్నాడు, నోటినిండా రక్తంతో. ఆవిడ అతని తల రొమ్ముకి ఆనించుకుని, "నీకు తెలీదు కదరా, నీకు తెలీదు కదరా" అంటోంది.

సరిగ్గా అప్పుడు ఒడ్డు పొడుగునా దీపాలు వెలిగాయి. దీపాలు పెట్టే వేళ ఏడవకూడదని కూడా మావైపు ఒక మాట ఉంది. అది కూడా అత్తగారు అనేదే. నాకు గుర్తొచ్చింది. నేను నోరెత్తలేదు. నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను.

పది నిమిషాలన్న సాయిబుగారు ఇరవై నిమిషాలకి వచ్చారు. వచ్చి వ్యానులో కూర్చున్నారు గానీ హారన్ కొట్టలేదు. బావమరిది ముఖం కడుక్కుని, సీసా, అరటిపళ్ళు తీసుకున్నాడు. నేను ఎదురుగా వెళ్ళి, "తప్పు నాదిరా" అన్నాను.

అతను అరటిపళ్ళ సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"ఇంకెప్పుడూ నాకేదీ దాచకు బావా. నడిసముద్రంలో ఉన్నా సరే, చెప్పేయ్" అన్నాడు.

చెబుతానన్నాను. వ్యాను వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఏడింటికి నాకు షిఫ్టు ఉంది. అక్కణ్ణించి అటే కారు తీశాను. మసాఫీ కొండలెక్కాం. సంతలో ఇంకా దీపాలున్నాయి. అది దాటాక, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

"దీపాలు పెట్టే వేళ కూడా ఏడవకూడదంటారు కదా. మీకు గుర్తు రాలేదా?"

లేదనడం చాలా తేలిక. నోటిదాకా వచ్చింది కూడా.

"వచ్చింది" అన్నాను.

"నాకూ వచ్చింది" అంది. సీటు వెనక్కి వాల్చుకుని, కొంగు ముఖం మీదకి లాక్కుంది. తర్వాతి ఊరు దైద్ చేరేలోపే నిద్రపోయింది. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ గాఢంగా నిద్రపోతున్న చప్పుడు పక్కసీట్లోంచి వింటూ, రువైస్ దాకా నడిపాను.